ప్రెసిడెంటు మొండివైఖరి

నాకు టైపు చెయ్యడం రాదు. మా కమ్యూనిస్టు పార్టీ వాట్సాప్ గ్రూపులో ఎవరితో వాదించినా ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి పంపిస్తాను.

ఎక్కడో ఒక సోషలిస్టు దేశంలో కరెంటు లేదని జనం రోడ్డెక్కారట. "వాళ్లూ కార్మికులేనండీ తాతగారూ" అని తాడేపల్లిగూడెం నుంచి హరిప్రియ అనే కాలేజీ పిల్ల మూడు రోజులుగా నాతో పేచీ. "మన ప్రభుత్వం మీద మనవాళ్లు రోడ్డెక్కరమ్మా. వాళ్ల వెనక ఏ దేశముందో చూడు" అంటాను నేను.

నిన్న అదే మాట మళ్లీ రికార్డు చేస్తుంటే వాకిట్లో కేకలు వినిపించాయి. కొల్లేటికోట చేపల సొసైటీకి పన్నెండేళ్లుగా నేనే ప్రెసిడెంటుని. చేపలు ఏరే ఆడవాళ్లు ఇరవై మంది ఎర్రజెండాతో నా గుమ్మం ముందు కూర్చున్నారు. ఎండలో పని చెయ్యలేం, రేకుల షెడ్డు వెయ్యమని మూడేళ్లుగా అడుగుతున్నారు. అందరికన్నా ముందు, వాళ్లతోపాటే చేపలు ఏరే మా ఆవిడ సుందరమ్మ!

"నీకేం పొయ్యేకాలం వచ్చిందే? ఎవరు ఎగదోశారు నిన్ను?" అన్నాను.

"నెత్తి మీది ఎండేనండీ" అని పిడికిలెత్తింది. "ప్రెసిడెంటు మొండివైఖరి..."

"నశించాలి" అన్నారు ఆడవాళ్లు, జ్వరమొచ్చినట్టు.

నలభై ఏళ్లు నినాదాలిచ్చినవాణ్ణి. అంత నీరసపు గొంతు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. నేనూ పిడికిలెత్తి, "నశించాలి!" అని గుమ్మం అదిరేలా అరిచాను.

ఫోను ఆ పిడికిట్లోనే ఉంది, రికార్డింగు ఆపనే లేదు. వేలు తగిలి, మా ఆవిడ నినాదంతో సహా నా కేక గ్రూపులోకి వెళ్లిపోయింది.

నిమిషంలో హరిప్రియ గొంతు పలికింది. "తాతగారూ, మీ వెనక ఏ దేశముందండీ?"

"మా ఆవిడుందమ్మా. షెడ్డు రేకుల కోసం రేపు మీ గూడెం వస్తున్నాను, మంచి కొట్టు ఎక్కడుందో చూపించు" అన్నాను.