వంటింటి తలుపుకో పద్యం

ఆ రోజుల్లో క్షమాపణ పద్యంలో చెబితేనే వంటింటి తలుపు తెరుచుకునేది. పద్యాన్ని తూచే పని కూడా తలుపుదే.

భార్య హైమవతి పుట్టినరోజు మరిచిపోయిన అచ్యుతం ఆకలితో బయట నిలబడి, సెల్లు రాసిచ్చిన కందపద్యాన్ని రాగం తీసి చదివాడు.

"గణాలు సరిపోయాయి. యతి, ప్రాస కుదిరాయి," అంది తలుపు. "రసం మాత్రం లేదు. మళ్లీ చెప్పండి."

మూడు పద్యాలు అలాగే తిరిగొచ్చాయి. చివరికి అచ్యుతం నీరసంగా తలుపుకే ఆనుకున్నాడు.

"హైమా, నా బుద్ధి గడ్డి తిందే. పొద్దున్నే కొత్తచీర కట్టుకుని తిరుగుతుంటే ఎందుకని కూడా అడగలేదు చూడు!"

"గణాలు లేవు. యతి లేదు. ప్రాస లేదు," అని తలుపు పెదవి విరిచింది. "ఇక రసం..."

"ఉంది!" లోపలినుంచి హైమవతి కేకేసింది. "మిరియాలు దంచి వేసి మరీ కాచాను. తెరుచుకోవే, చల్లారిపోతోంది!"