ఎవరి జాడీ వారిది

"ఇది కాదమ్మాయ్," అన్నాడు గార్డుగారు, పైపు నోట్లోంచి తీసి.

రిటైరై రైలు దిగి ఎన్నేళ్ళయినా అందరికీ ఆయన గార్డుగారే. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి మొహం చిన్నబోయింది. తండ్రి పోయాక ఈ పైపు పొగాకు కొట్టు మూతపడకూడదని ఉద్యోగం మానుకుని వచ్చింది. గార్డుగారి జాడీ ఖాళీ అయిందని ఖరీదైన ఆకులు తెప్పించి, ముక్కు మండేదాకా కలిపి కలిపి ఇది తయారుచేసింది.

"బాలేదా బాబాయ్?"

"బాలేకేం? బ్రహ్మాండంగా ఉంది. మిఠాయి కొట్లో కూచున్నట్టుంది. కానీ మా ఆవిడ రాలేదు."

ఆ కొట్లో గోడ పొడుగునా పింగాణీ జాడీలు. ఒక్కో దాని మీద ఒక్కో మనిషి పేరు. కొత్తగా ఎవరొచ్చినా తండ్రి ఎదురుగా కూచోబెట్టి, "మళ్ళీ దొరికితే బావుణ్ణు అనిపించే వాసన ఏదండీ మీకు?" అని అడిగేవాడు. వాళ్ళు చెప్పిందంతా ఓపిగ్గా వినేవాడు. తర్వాత కాఫీ గ్లాసు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. లోపల్నుంచి త్రాసు గిన్నెల చప్పుడు, రోలు చప్పుడు. బయటికొచ్చేసరికి ఒక చేతిలో జాడీ, ఇంకో చేతిలో ఖాళీ గ్లాసు.

గార్డుగారు అడిగింది మాడిన పంచదార పాకం. పెళ్ళైన కొత్తలో ఆయన భార్య పాకం పొయ్యి మీద పెట్టి, పక్కింటావిడతో కబుర్లలో పడి, ఎప్పుడూ మాడ్చేసేదిట. ఆవిడ పోయాక కూడా భోంచేసి ఒక్క పైపు వెలిగిస్తే చాలు, వంటింట్లో ఉన్నట్టే ఉండేదని అంటాడాయన.

"మీ నాన్న హస్తవాసి మీ నాన్నతోనే పోయిందిలే," అని లేవబోయాడు.

ఆ మాటకి అమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది. నాన్న మళ్ళీ ఇంకోసారి పోయినట్టనిపించింది. ఆయన చేత్తో కలిపిన వాసనలే లేకపోతే ఇక ఈ కొట్లో నాన్న ఎక్కడున్నట్టు?

"కూచోండి అన్నయ్యగారూ," అంటూ లోపలింట్లోంచి తల్లి వచ్చింది. చేతిలో పొగలు కక్కుతున్న కాఫీ. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ వెనక గది తలుపు తీయలేదు. తాళంచెవి మాత్రం కొంగునే ఉంది. అమ్మాయి కూడా తీయమని నోరు తెరిచి అడగలేకపోయింది.

"జాడీ ఇటివ్వు."

"నాన్న ఏం కలిపేవాడో నీకు తెలుసా అమ్మా?"

"పక్కనే ఉండి చూశానుగా."

సరిగ్గా అప్పుడే టైలర్ మాస్టారు కూడా ఊడిపడి, గోడ మీది తన ఖాళీ జాడీ దించాడు. తల్లి రెండు జాడీలూ చంకన ఇరికించుకుని, ఏది ఎవరిదని పేరైనా చూడకుండా, కాఫీ గ్లాసుతోనే వెనక గది తాళం తీసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

"నీ జాడీ నాకిస్తుందేమో, జాగ్రత్త," అన్నాడు మాస్టారు.

"నీది నాకు ఊరికే ఇచ్చినా వద్దయ్యా. కాలిన గోనె కంపు."

"గోనె కాదు, తడి ఉన్ని మీద వేడి ఇస్త్రీపెట్టె! మా నాన్న కొట్టు వాసన. బండెడు పంచదార తగలబెట్టే నీకేం తెలుస్తుంది?"

లోపల త్రాసు గిన్నెలు మోగాయి. రోలు మోగింది. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. చాలాసేపటికి తల్లి రెండు జాడీలతోనూ, ఖాళీ గ్లాసుతోనూ బయటికొచ్చి ఎవరి జాడీ వారికి అందించింది.

గార్డుగారు నింపాదిగా పైపు కూరి, వెలిగించి, కళ్ళు మూసుకున్నాడు.

"బాబాయ్?"

"మళ్ళీ మాడ్చేసిందమ్మాయ్," అన్నాడాయన. కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు.

మాస్టారు కూడా రెండు దమ్ములు లాగి, "అబ్బ! మా నాన్న ఇప్పుడే ఇస్త్రీ దించాడు," అన్నాడు. సంబరంలో గార్డుగారి జాడీలోకి చెయ్యి చాపాడు. "ఏదీ, ఈ మాడుపాకం నన్నూ ఓసారి చూడనీ."

"వద్దు మాస్టారూ!" అంది తల్లి కంగారుగా. "ఒకరిది ఒకరు ముట్టుకుంటే పైపు పాడైపోతుందని ఆయన మొత్తుకునేవారు కాదూ?"

చెయ్యి వెనక్కెళ్ళింది. జాడీలు మళ్ళీ గోడెక్కాయి. పెద్దమనుషులిద్దరూ ఒకరి పొగను ఒకరు తిట్టుకుంటూ భుజాలు రాసుకుని వెళ్ళిపోయారు.

అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుంది. "నాకు నేర్పమ్మా. నాన్నని పోనివ్వను."

తల్లి ఆ మాటకి కాస్త తడబడింది. తర్వాత కూతుర్ని కస్టమర్ల కుర్చీలో కూచోబెట్టి, "మళ్ళీ దొరికితే బావుణ్ణు అనిపించే వాసన ఏదే నీకు?" అని అడిగింది.

"నాన్న చొక్కా," అంది అమ్మాయి వెంటనే. "వానలో బడి నుంచి భుజాన వేసుకుని తెచ్చినప్పటిది. సగం తడిసి, సగం వెచ్చగా..."

తల్లి గదిలోకి వెళ్ళింది. ఈసారి కాఫీ పట్టుకెళ్ళలేదు. వెళ్ళినట్టే వెళ్ళి, గుప్పెట్లో చిటికెడు పొగాకుతో తిరిగొచ్చి కూతురి ముక్కు దగ్గర పెట్టింది.

అదే చొక్కా. అదే వాన. అమ్మాయి తల్లి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అచ్చం నాన్నే! ఎలా కలిపావమ్మా?" అంది, కళ్ళు తుడుచుకుని.

తల్లి వెనక గది తలుపు బార్లా తెరిచింది.

లోపల ఖాళీ త్రాసు, ఖాళీ రోలు. పొగాకు ఉన్నది మాత్రం ఒకే ఒక్క బస్తా.