బూడిద స్నానం

కృష్ణ పొంగి బెజవాడ వంతెన మీదుగా పారిన ఏడాది అది. వరద తీశాక ఎండలు ముదిరాయి. కరెంటు చాలక, ఏసీ వేసుకునే అనుమతి చించిల్లా అనే సీమ బొచ్చెలుక ఉన్న ఇళ్ళకే ఇస్తామన్నారు సర్కారు వాళ్ళు. వేడికి అది బతకదట. అప్పటికే గొప్పవాళ్ళందరి ఇళ్ళలోనూ ఆ బొచ్చెలుక ఉంది.

హైమావతి గారింట్లో దానికి స్నానం చేయించడం నా పని. తడిస్తే దాని బొచ్చు కుళ్ళుతుంది. అందుకని గిన్నెలో సన్నటి బూడిద పోస్తే అందులో దొర్లుతుంది. జడుసుకుంటే బొచ్చు కుచ్చులుగా రాల్చేస్తుంది. కాబట్టి అది ఉండే ఏసీ గదిలో ఎవరూ అరవకూడదు.

ఆ రోజు ఆవిడ ఆ గదిలోనే టీవీ చూసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఏసోబూ, కొండల్లో అడవి చించిల్లాలు గుప్పెడే మిగిలాయటయ్యా, పాపం!"

"మా పేటలో మనుషులూ అంతేనమ్మా. మా ఆడది రూతుకి వడదెబ్బ తగిలింది. ఈ గదిలో ఓ మూల పడుకోబెట్టనీయండి."

"అయ్యో! మనిషి చెమటకి గదంతా తేమ వచ్చెయ్యదూ?"

"దానికి చెమట కూడా ఆగిపోయిందమ్మా."

"అయినా మనిషి మనిషేగా! దీనిలాగా బూడిదలో దొర్లి పొడిగా వస్తే నేను కాదంటానా?" అని నవ్వారు.

మర్నాడు పొద్దున్నే రూతుకి ఒళ్ళంతా బూడిద పూసి, తల దువ్వి, భుజాన వేసుకొచ్చి ఆ గదిలో పడుకోబెట్టాను. కాసేపటికి చల్లదనానికి కళ్ళు తెరిచింది. చించిల్లా వచ్చి వాసన చూసి, ఆమె పొట్ట మీద దొర్లడం మొదలెట్టింది. గుమ్మంలో హైమావతి గారు నోరు తెరిచి, అరవకుండానే మూసుకున్నారు.