సరస్సు మీద గంట

విస్కాన్సిన్‌లో ఎప్పుడో స్విట్జర్లాండ్ వాళ్లు వచ్చి కట్టుకున్న ఊరది, సరస్సు ఒడ్డున. డాక్టర్ హైమ, భర్త హరనాథ్ అక్కడికొచ్చి మూడు నెలలైంది. 1979 నవంబరులో ఒక రాత్రి సరస్సు వైపు నుంచి ఆవు మెడలో గంట వినిపించింది.

"పాపం, దారి తప్పినట్టుంది. తోలుకొస్తా," అని హరనాథ్ టార్చిలైటు పట్టుకుని వెళ్లాడు.

ఎంతకీ రాలేదు. గంట మాత్రం దూరమవుతూ మోగుతూనే ఉంది. ఉండబట్టలేక హైమ పక్క పొలం ముసలాయన స్టౌఫర్‌కి ఫోన్ చేసింది.

"నా ఆవులన్నీ కొట్టంలోనే ఉన్నాయి, డాక్టర్. మీ ఆయన్ని బయటికి పంపకండి."

"వెళ్లి అరగంటైంది! గంట సరస్సు వైపే మోగుతోంది, గడ్డకట్టిన నీళ్ల మీద నడుస్తున్నారేమో."

"గడ్డెక్కడిది? పొద్దున కూడా పడవేసుకుని వెళ్లాను."

హైమ ఫోన్ వదిలేసి ఉత్తకాళ్లతో ఒడ్డుకి పరిగెత్తింది. అలలు గట్టుకి తగిలి చప్పుడు చేస్తున్నాయి. సరస్సు నడిమధ్యన టార్చి వెలుగొకటి మెల్లగా నడిచిపోతోంది.

"ఏవండీ!"

గంట ఆగింది. వెలుగు ఇటు తిరిగింది.

"ఇక్కడ నేల గట్టిగానే ఉంది, హైమా," అంది హరనాథ్ గొంతు, నింపాదిగా. "రా."

వెనక్కి పోవాలనుకుంటూనే ఆమె ఒకడుగు ముందుకేసింది. పాదానికి నీళ్లు తగల్లేదు.