తాతగారి పటం

“ఆ మూల కనపడకూడదు. అంతే!” అన్నాడు జయరామప్ప.

బళేపేటలో పటాలు కట్టే మునిరాజు ఆ బొమ్మను బల్ల మీద పరిచి, చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. గుడ్డ మీద రంగులతో వేసిన పాత బొమ్మ. జరీ తలపాగా, మెలితిరిగిన మీసాలు, భుజాన శాలువా, కత్తిపిడి మీద చెయ్యి. ఆ చేతికి చిటికెనవేలు సగమే ఉంది. దాని పక్కనే, మూలలో, ఇంగ్లీషులో ఎవరిదో సంతకం.

“ఎవురు సామీ ఈయన?”

“మా తాత. రాయసం వెంకటగిరియప్ప. పాళెగాండ్ల కొలువులో ఉన్నోడు.”

“తలపాగా నాటకాలోళ్ళ మాదిరి ఉండాది...”

“తలపాగాల సంగతి నీకేం తెలుస్తాదిరా? మీ నాయన ఎప్పుడన్నా కట్టినాడా?”

నిజానికి జయరామప్ప తాత పేరు జయరామప్పకే తెలియదు. తండ్రి తరగుపేటలో గోనెసంచులు కుట్టేవాడు. కొడుకు బెల్లం మండీ పెట్టి పైకొచ్చాక ఆ గోనెసంచుల ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదన్నాడు. ఇప్పుడు కూతురు అనసూయకు దేవనహళ్ళి సంబంధం వచ్చింది. పిల్లవాడి తండ్రి చెన్నరాయప్పకు కట్నం అక్కర్లేదట, వంశం కావాలట. ఇంతకంటే ఖరీదైన కోరిక ఉంటుందా?

దొరలు మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కుతున్న రోజులవి. కంటోన్మెంటులో ఒక దొరసాని బంగళా సామాను వేలం వేస్తుంటే, విరిగిన కుర్చీల మధ్య జయరామప్పకు ఈ తాత దొరికాడు. సంతకం ఒక్కటే కంట్లో నలుసు.

మునిరాజు మూలను వేలితో కొలిచాడు. “అంచుకు వెడల్పు బీడింగు చెక్క వేస్తే సంతకం పోతాది సామీ. దాంతోపాటు చెయ్యి గూడా పోతాది.”

“పోతే పోనీ. ఆ సగం వేలు చెయ్యి ఎవురికి కావాల?”

“చెయ్యి పోనీను,” అన్నాడు మునిరాజు.

జయరామప్పకు ఒళ్ళు మండింది. వీడి తండ్రి దొరల గుర్రాలకు గడ్డి వేసి బతికాడని బళేపేటంతా ఎరుగును. వీడు దేవుళ్ళ పటాలకు మేకులు కొట్టి బతుకుతున్నాడు. వీడికీ ఒక పట్టుదల!

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది నీ కత. చేతనయితే చెయ్యి, లేకుంటే ఇంకొకడు లేడా?”

మునిరాజు చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని వచ్చి పనిలో కూర్చున్నాడు. వదులైపోయి ముడతలు పడిన గుడ్డను మేకులు పీకి మళ్ళీ బిగించాడు. చెదలు తిన్న బద్దలు తీసి టేకువి వేశాడు. రంగు అద్దానికి ఆనితే వానాకాలం అతుక్కుపోతుందని, మధ్యలో సన్నటి పుల్లలు పెట్టి ఎడం ఉంచాడు. ఆఖరున, సంతకం ఉన్న మూలలో చెక్కతో చెక్కిన చిన్న లత అతికించాడు. సంతకం పోయింది, చెయ్యి మిగిలింది.

చెప్పులు విడవడం చూసి జయరామప్ప లోపల మురిసిపోయాడు. గొప్పింటి తాతంటే ఇలాంటివాళ్ళకు ఆమాత్రం భయం ఉండాల్సిందే.

“వెనకాల పేరూ తిథీ రాయాల సామీ. పెద్దోళ్ళ పటాలన్నిటికీ రాస్తాండా.”

“పేరు చెప్పినా కదా. తిథి ఏదో ఒకటి రాసి పారెయ్యి. సచ్చినోడు లేచొచ్చి అడుగుతాడా?”

మునిరాజు తడుముకోకుండా రాశాడు. జయరామప్ప కూలీవాణ్ణి పిలవబోతే వద్దన్నాడు. పటాన్ని తానే నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చి, గోడకు తగిలించి వెళ్ళాడు.

పెళ్ళిచూపులకు వచ్చిన చెన్నరాయప్ప, పిల్లను ఒకసారి చూసి పటాన్ని పదిసార్లు చూశాడు. లేచి వెళ్ళి, దాన్ని గోడ నుంచి ముందుకు వంచి, వెనక రాసింది చదివాడు.

“మాఘ బహుళ పంచమి! ఇంక పది దినాలే ఉండాది కదప్పా. పెద్దాయన తద్దినానికి మా పురోహితుణ్ణి పిల్చుకొని మేమూ వస్తాము. మీ ఇంటి ఆచారం చూసినాకనే తాంబూలాలు.”

జయరామప్ప తల ఊపాడు. ముక్కూమొహం ఎరగని ముసలాడికి తద్దినం! పోనీ, ఒక్కపూట ఉపవాసంతో కూతురు గొప్పింట పడుతుంది.

పంచమినాడు తడిపంచెతో పటం ముందు కూర్చున్నాడు. పురోహితుడు చెప్పినట్టల్లా నువ్వులూ నీళ్ళూ వదిలాడు, పిండం పెట్టాడు. చెన్నరాయప్ప రెప్ప వేయకుండా చూస్తున్నాడని కాస్త ఏడుపు కూడా తెచ్చుకున్నాడు. చివరికి నేలకు నుదురు ఆనించి సాష్టాంగపడ్డాడు.

చెన్నరాయప్ప పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు. “వంశమంటే ఇదప్పా! రేపే తాంబూలాలు.”

జయరామప్ప లేచి చూసేసరికి గుమ్మంలో మునిరాజు. తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో తులసిమాలతో నిలబడి ఉన్నాడు.

జయరామప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఈ దినమే దొరికిందేమిరా నీకు? పటం పనేమన్నా ఉంటే రేపు రా, ఫో!”

“ఇన్నేండ్లూ ఉత్త గోడకు మొక్కినా సామీ, ఇప్పుడు మా నాయన బొమ్మ మీ ఇంట్లో ఉండాది కదా, ఆయన తిథినాడు ఒక మాల వేసి పోదామని వచ్చినా,” అన్నాడు మునిరాజు.