కిక్కురుమననివ్వని కాలర్

కూలర్ వస్తోందని ఇల్లాలు కిటికీ దగ్గరి బల్ల పక్కకి జరిపింది. చోటు చేసి, తుడిచి కూడా ఉంచింది. భర్త మాత్రం చంకలో అరచేతంత పెట్టె ఒక్కటి పెట్టుకుని లోపలికొచ్చాడు.

"ఇంత చిన్న కూలరా?" అందావిడ.

"కూలర్ కాదే, కాలర్. కుక్కకి. ఫోన్లో అంత గట్టిగా చెప్పానుగా."

"అంత గట్టిగా చెప్పబట్టే వినపడలేదు."

ఆయన పాత సామాన్లు వేలం వేస్తాడు. గోదాములో నాలుగు వందల మంది ఉన్నా మైకు ముట్టుకోడు. అందుకని అందరూ ఆయన్నే మైకు అంటారు. ఆ ఇంట్లో గుసగుస అనేది ఒక్కటే ఉంది, అది కుక్క పేరు. కూతురు ముచ్చటపడి పెట్టింది. పేరుకే గుసగుస, నోరు విప్పితే రుసరుస.

పై అంతస్తులో ఉండే అపార్ట్‌మెంట్ సెక్రటరీ ముప్పై ఏళ్లు లైబ్రరీలో 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద కూర్చుని రిటైరైన మనిషి. రోజూ సాయంత్రం ఆరు కాగానే గుసగుస ఎత్తుకునే కచేరీ ఆయనకి ప్రాణం మీదికి వచ్చింది. ఆదివారం తానే వచ్చి అరగంట కూర్చుంటానని, కుక్క ఒక్కసారి మొరిగినా సోమవారం దాన్ని బయటికి పంపాల్సిందేనని కాగితం రాసిచ్చాడు. ఇవాళే ఆదివారం. టైము ఐదున్నర దాటింది.

మైకు పెట్టె చించి కాలర్ పైకెత్తి చూపించాడు. కుక్క మొరిగితే గొంతు అదురుని కనిపెట్టి చిన్న షాక్ ఇస్తుందట. చీమ కుట్టినట్టు ఉంటుందని షాపువాడు చెప్పాడట.

"షాపువాణ్ని కుట్టిందా?" అంది కూతురు, కుక్కని ఒళ్లోకి లాక్కుంటూ.

ఇల్లాలు కూతురి వైపే మాట్లాడింది. అసలెందుకు మొరుగుతోందో కనుక్కోకుండా గొంతు నొక్కడమేమిటంది. కాస్త తిప్పుకొస్తే, ఓపిగ్గా నేర్పితే అదే మానుకుంటుందంది. నేర్పడానికి నెలలు పడుతుందని, తమకున్నది అరగంటేనని మైకు వాదించాడు. ఇప్పుడు దాని మెడకి ఇది పెట్టకపోతే రేపు దాన్నే మెడపట్టి గెంటుతారన్నాడు. ఆ మాటకి కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ ఇంట్లో ఏ తగువైనా వేలంపాటతోనే తెగుతుంది. మూడుసార్లు అడగడం, పాట కొట్టెయ్యడం. ఎప్పుడూ తండ్రే పాడే ఆ పాటని ఇవాళ కూతురు కళ్లు తుడుచుకుని అందుకుంది.

"ఈ కాలర్ ముందుగా పెట్టుకుని చూసేవాళ్లెవరు? ఒకటోసారి. రెండోసారి."

"ఉండవే" అని మైకు చెయ్యెత్తాడు.

వేలంలో ఎత్తిన చెయ్యి దించడానికి లేదు. బట్టతల మీద ఈగని తోలుకున్న పెద్దమనిషికి కూడా కాలు విరిగిన సోఫా అంటగట్టిన ఘనుడు, తన రూలుని తనే ఎలా కాదంటాడు?

"మూడోసారి. నాన్నకే."

చేసేది లేక మైకు కాలర్ మెడకి బిగించుకున్నాడు. గుండెల నిండా గాలి పీల్చి "భౌ" అన్నాడు. అనీ అనగానే జానెడెత్తు ఎగిరిపడ్డాడు. ముఖం కందగడ్డ అయింది. కూతురు కంగారుగా విప్పబోతే రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ముట్టుకోకు. నొక్కితే మళ్లీ కొడుతుంది."

పెళ్లయ్యాక ఆయన గొంతు అంత సన్నగా పలకడం ఇల్లాలు వినడం అదే మొదలు. ఆవిడ ఆ కొత్తదనాన్ని ఆస్వాదించేలోపే బెల్లు మోగింది. చేతికందిన తువ్వాలు ఆయన మెడకి చుట్టి తలుపు తీసింది.

సెక్రటరీ కుర్చీలో కూర్చుని, గడియారం విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆరైంది. గుసగుస బల్ల కింద గడ్డం నేలకానించి మైకు వైపే చూస్తోంది. ఆరుంపావైంది. సెక్రటరీ నీళ్ల పంపు గురించి, లిఫ్టు గురించి ఏదో అడిగితే మైకు పెదవులు కదిలీ కదలకుండా జవాబిచ్చాడు. లైబ్రరీలో కూడా ఇంత మర్యాదగా మాట్లాడే మనిషిని చూడలేదని సెక్రటరీ మెచ్చుకున్నాడు. ఆరున్నరైంది. కుక్క కుయ్ మనలేదు.

"కాలర్ భలే పనిచేస్తోందండీ. ఏదీ, ఒకసారి చూడనివ్వండి" అని, బల్ల మీది ఖాళీ పెట్టె చూసిన సెక్రటరీ వంగి కుక్కని పిలిచాడు. గుసగుస వచ్చి ఆయన చెప్పు నాకింది. దాని మెడ బోసిగా ఉంది.

సెక్రటరీ తలెత్తాడు. సరిగ్గా అప్పుడే తువ్వాలు జారింది.

విషయం ముందుగా వెలిగింది కూతురికి. రోజూ ఆరింటికి నాన్న మర్నాటి వేలం సాధన మొదలుపెడతాడు. ఆయన ఒకటోసారి అంటే గుసగుస ఒకసారి, రెండోసారి అంటే రెండుసార్లు అందుకుంటుంది. ఇవాళ ఆయన పాట లేదు, దాని వంతపాటా లేదు.

"దాని గోల మించాలని నేను గొంతు పెంచుతున్నా" అని గొణిగాడు మైకు.

"అయ్యో, మీరు దాన్ని బెదిరిస్తున్నారనుకున్నానండీ. 'ఒకటోసారి, రెండోసారి' అంటుంటే మూడోసారికి తంతారేమోనని పైన నేను బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాణ్ని" అన్నాడు సెక్రటరీ. ఇచ్చిన కాగితం తనే వెనక్కి తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. కూతురు కుక్కని కావిలించుకుంది.

సాధన ఇకనుంచి గోదాములోనేనని మైకు ఒప్పుకున్నాడు. అంతా కలిసి ఎలాగో కాలర్ విప్పారు. ఆయన మెడ తడుముకుంటూ, కాలర్ మాత్రం రేపే తిరిగిచ్చేస్తానన్నాడు.

"నోరున్నా అది మూగజీవమేనండీ, దానికి ఈ బాధ వద్దు. మెడ దగ్గర మొదలై మోకాలి దాకా పాకిందంటే నమ్మండి. నేను కాబట్టి తట్టుకున్నాను."

సెక్రటరీ ఆయన ధైర్యానికి తల పంకించాడు. కాలర్‌ని పెట్టెలో సర్దుతున్న ఇల్లాలు, అట్ట అడుగున ఉన్న చిన్న అక్షరాలని కళ్లు చికిలించి పైకి చదివింది.

"బ్యాటరీ విడిగా కొనుక్కోవాలట."