నాలుగు కిలోల సంచి

త్రాసు ముల్లు నాలుగు దగ్గర ఆగిపోయింది.

తూకం అక్క సంచిని కొక్కెం మీంచి తీసి మళ్ళీ తగిలించింది. మళ్ళీ నాలుగే.

పోస్టాఫీసులో పార్సిళ్ళు తూచి తూచి ఆవిడకా పేరు వచ్చింది. ఏటా అడవిలో ఐదు రోజుల నడకకి మనుషుల్ని పోగుచేసేదీ, బయల్దేరే ముందు ఆదివారం తన ముందుగదిలో అందరి సంచులూ తూచేదీ ఆవిడే. మనిషికి తొమ్మిది కిలోలు. గుడారాలు, స్టవ్వు, తాళ్ళు, తిండి అందరూ పంచుకు మోయాల్సిందే.

"ఈ సంచి ఎవరిది?"

"నాదే అమ్మాయ్," అంది గుమ్మం పక్కన కూర్చున్న పెద్దావిడ.

అరవై దాటి ఉంటాయి. బక్కపల్చటి మనిషి. రెండు రోజుల కిందట ఫోన్ చేసి నేనూ వస్తానంది. ఎవరో ఏమిటో అక్కడెవరికీ తెలీదు.

"సగం ఖాళీగా ఉందేంటండీ?"

"కావాలనే ఉంచాను. దారిలో పనికొస్తుంది."

"రాళ్ళేరుకోడానికా పిన్నిగారూ?" అంది తూకం అక్క చెల్లెలు.

గది గొల్లుమంది. పెద్దావిడ కూడా నవ్వింది.

తూకం అక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఇలాంటివాళ్ళని చాలామందిని చూసింది. చేతులూపుకుంటూ వస్తారు. రెండోరోజు నుంచి పక్కవాళ్ళ దుప్పటి, పక్కవాళ్ళ నీళ్ళు.

గోడకి అంటించిన కాగితం చూపించింది.

"ఇదండీ సామాన్ల జాబితా. ఎనిమిదేళ్ళుగా మాకిదే వేదం. ఇందులో ఉన్నవన్నీ సర్దితే సంచి నాలుగు కిలోల దగ్గర ఆగదు."

ఎవరి చేతిరాతో అది. జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి అక్షరాలు లావెక్కాయి. అడుగుభాగం నల్లటి మరకైపోయింది.

పెద్దావిడ లేచి, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది.

"అడుగున ఒక లైను పోయిందమ్మాయ్."

"పోతే పోయిందిలెండి. ఇన్నేళ్ళూ అది లేక మాకేం ఆగలేదు."

"అది కాదు, ఆ లైనులో..."

"అక్కా, నాది పదకొండు తూగింది. ఏం తీసెయ్యమంటావు?" కరెంటు పనిచేసే ఆయన వెనకనించి కేకేశాడు.

"ముందా రెండో జత బూట్లు తియ్యి. అక్కడేమన్నా పెళ్ళికెళ్తున్నావా?"

బూట్లు తీయించి వచ్చేసరికి పెద్దావిడ మళ్ళీ గుమ్మం పక్కనే కూర్చుని ఉంది. తూకం అక్క ఆవిణ్ణి వరండాలోకి పిలిచింది.

"ఏమనుకోకండి. ఈసారికి వద్దు. అందరూ సమానంగా మోస్తేనే గుంపు నడుస్తుంది. పై ఏడు చూద్దాం."

"పై ఏటికి నాకు చూపుండదమ్మాయ్. డాక్టరు చెప్పేశాడు. ఒక్కదాన్నే వెళ్తే అటవీశాఖవాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకే నీ దగ్గరికొచ్చాను."

తూకం అక్క మనసు ఒక్క క్షణం మెత్తబడింది. చూపు ఆనని మనిషిని కొండల్లో ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అనుకోగానే మళ్ళీ బిగుసుకుంది.

"మీ మంచికే చెప్తున్నానండీ."

"అలాగేలే."

సంచి భుజాన వేసుకుని పెద్దావిడ మెట్లు తడుముకుంటూ దిగింది. చివరి మెట్టు మీద ఆగింది.

"పోనీ, మీలో ఒకరి సంచైనా కాస్త ఖాళీగా ఉంచుకోండి."

తూకం అక్క తలూపి లోపలికొచ్చింది. పెద్దావిడ వంతుకి రావాల్సిన ఐదు కిలోల ఉమ్మడి సామానూ మిగిలిన ఆరుగురి సంచుల్లో సర్దేసింది. మోకాలేసి నొక్కితేగానీ ఒక్క జిప్పూ పడలేదు.

రెండోరోజు మధ్యాహ్నం చెల్లెలి కాలు బెణికింది.

పెద్ద దెబ్బేం కాదు. కర్ర ఊతంతో నడవగలదు. సంచి మాత్రం మోయలేదు.

"ఎవరైనా నా సామాను తలాకాస్త తీసుకోండి. మెల్లగా వచ్చేస్తాను. ఆ పైనున్న చెరువు చూడాలని ఏడాదిగా అనుకుంటున్నానక్కా."

అందరూ తమ సంచుల వంక చూసుకున్నారు. వేలు దూరే సందు లేదు. చేత్తో పట్టుకుందామంటే రాళ్ళ దారి, రెండు చేతులూ కావాలి.

వెనక్కి తిరిగారు. ఒకరు తమ సంచి కొంతదూరం దింపి పెట్టి, మళ్ళీ పైకెళ్ళి చెల్లెలి సంచి తెస్తూ, వంతులవారీగా దిగారు.

అడ్డదారిన అటవీశాఖ దిగువ చౌకీ చేరేసరికి మర్నాడు సాయంత్రమైంది. అక్కడి కావలాయన అందరికీ మంచినీళ్ళిచ్చాడు.

గోడకి అద్దాల చట్రంలో ఒక కాగితం వేలాడుతోంది.

అదే జాబితా. అదే చేతిరాత. ఇది జిరాక్సు కాదు, నీలి సిరా. అడుగున మరక లేదు.

తూకం అక్క దగ్గరికెళ్ళి చివరి లైను చదివింది.

'ఒకరి సంచి సగం ఖాళీగా రావాలి. దారిలో ఎవరో ఒకరు మోయలేకపోతారు.'



"పోస్టాఫీసావిడ మీరే కదూ?" అన్నాడు కావలాయన, వాళ్ళు దిగొచ్చిన దారివైపు తొంగిచూస్తూ. "ఈ దారికి మొట్టమొదట గుర్తులు పెట్టిందీ, ఆ కాగితం రాసిందీ మా పెద్దమ్మగారే. చూపు పోయేలోగా ఇంకొక్కసారి, మీతో వస్తున్నానని ఫోన్ చేశారు. వెనకాల మెల్లగా వస్తున్నారా?"